కుడి రెక్క వెనక బెజ్జం

(స్వర్ణోత్సవ సభలో 1984 పదో తరగతి బ్యాచ్ పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



ముందుగా ఒక చిన్న పని ఉంది. ఇదిగో, ఈ అల్యూమినియం పలక. అరచేయంత ఉంటుంది. దీన్ని ముందు వరస నుంచి మొదలుపెట్టి ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు చూసి వెనక్కి పంపండి. అంచులు నున్నగా గీశాను కాబట్టి చెయ్యి తెగదు, భయపడకండి. ఇది ఏమిటో మాటల్లో వస్తుంది.

సంఘం వాళ్ళు ఫోను చేసినప్పుడు "అమెరికాలో మీ ఎదుగుదల గురించి పిల్లలకి స్ఫూర్తినిచ్చేలా నాలుగు మాటలు" అన్నారు. నా ఎదుగుదలలో చెప్పుకోదగ్గ మలుపులేమీ లేవండీ. ఓహాయో రాష్ట్రంలో డేటన్ అనే ఊరి దగ్గర మెకానికల్ ఇంజనీరుని. కార్ల విడిభాగాల డ్రాయింగులు చూడడం, లెక్కలు సరిచూడడం, కింద సంతకం పెట్టడం నా ఉద్యోగం. ఆ విడిభాగాన్ని తయారుచేసేది ఇంకెవరో. కారు నడిపేది ఇంకెవరో. అందుకని, "దాని బదులు మా గ్యారేజీలో విమానం కట్టిన సంగతి చెప్తాను" అన్నాను. అవతల కాసేపు మాట లేదు. "బొమ్మ విమానమాండీ?" అన్నారు.

బొమ్మది కాదు. ఇద్దరు పక్కపక్కన కూర్చుని ఎగిరే విమానమే. ఆర్‌వి-6ఎ అంటారు. ఈ చివరి నుంచి ఆ చివరికి రెక్కలు 23 అడుగులు, పొడుగు 20 అడుగులు. ఖాళీగా తూస్తే దాదాపు 480 కిలోలు, అంటే మన పాత మారుతి 800 కన్నా తేలిక. ముందు 160 గుర్రాల ఇంజిను. గంటకి 175 మైళ్ళ దాకా పోతుంది. ఆరెగాన్ రాష్ట్రంలో రిచర్డ్ వాన్‌గ్రున్స్‌వెన్ అనే ఇంజనీరు పెట్టిన కంపెనీ రేకులు, దూలాలు, డ్రాయింగులు పెట్టెల్లో పెట్టి పంపుతుంది. ఆయన పేరులోని మొదటి అక్షరాలే ఆ ఆర్‌వి. మిగతాదంతా కొనుక్కున్నవాడు చేసుకోవాలి.

అమెరికాలో దీనికి చట్టం ఒప్పుకుంటుంది. సగానికి పైగా పని అమెచ్యూర్లు, అంటే జీతానికి కాకుండా నేర్చుకోవడానికో సరదాకో చేసేవాళ్ళు, చేసి ఉండాలి. చేసినట్టు ఫోటోలు, దినచర్య పుస్తకం చూపించాలి. ప్రభుత్వం తరఫున ఇన్‌స్పెక్టరు వచ్చి చూస్తాడు. ఇలా ఇళ్ళలో విమానాలు కట్టేవాళ్ళని పాల్ పోబెరెజ్నీ అనే ఆయన 1953లో ఒక సంఘంగా కూర్చాడు. ఆ సంఘం ఏటా జులై నెలాఖరులో ఆష్‌కాష్ అనే ఊళ్ళో పెట్టే సంబరానికి పదివేల పైచిలుకు విమానాలు వచ్చి వాలతాయి. మన పక్క తిరనాళ్ళకి ఎడ్లబళ్ళు వచ్చి చెట్ల కింద విడిది చేసినట్టే, రెక్కల కింద గుడారాలు వేసుకుని ఉంటారు.

డేటన్ అంటే రైట్ సోదరుల ఊరు. వాళ్ళు నడిపిన సైకిల్ షాపుల్లో ఒకటి ఇప్పటికీ అక్కడ ఉంది. అన్నదమ్ములిద్దరూ హైస్కూలు పట్టా అందుకోలేదు. 1903లో వాళ్ళ మొదటి విమానానికి ఇంజిను చేసింది వాళ్ళ షాపులో మెకానిక్కు చార్లీ టేలర్. లేత్ మిషను, డ్రిల్లు ముందు పెట్టుకుని, సుమారు ఆరు వారాల్లో చేశాడు. డిగ్రీల మీద డిగ్రీలున్న నేను ఆ ఊళ్ళో పదిహేడేళ్ళు కాపరం చేసి, ఒక్క రేకుకి సరిగ్గా బెజ్జం వెయ్యలేని స్థితిలో ఉండేవాణ్ణి. ఇది వినయం కొద్దీ అంటున్న మాట కాదు, ముందు ముందు మీకే తెలుస్తుంది.

విమానాల మీద మోజు నాకు ఎక్కణ్ణుంచి వచ్చిందని అడుగుతారు. మన దివిసీమ వాళ్ళకి చెప్పక్కర్లేదు. 1977 నవంబరు ఉప్పెన నాటికి నాకు ఎనిమిదేళ్ళు. ఆహార పొట్లాలు వేసిన హెలికాప్టరు నేను దగ్గరగా చూసిన మొదటి ఎగిరే యంత్రం. అది చూసి అందరూ ఏడుస్తున్నారు, నేను మటుకు మా నాన్న భుజం మీద కూర్చుని అది ఎలా నిలబడుతోందా అని చూస్తున్నాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ కొంచెం సిగ్గుగానే ఉంటుంది.

సరే, అసలు కథ. 2012లో మా ఆఫీసులో ఒకాయన చెప్పాడు, వాళ్ళ వీధిలో ఒక పెద్దాయన పోయాడనీ, గ్యారేజీలో సగం కట్టిన విమానం ఉందనీ, ఆయన భార్య దాన్ని ఎవరికైనా అప్పజెప్పాలని చూస్తోందనీ. ఊరికే చూద్దామని వెళ్ళాను. తోక పూర్తయింది. ఎడమ రెక్క పూర్తయింది. కుడి రెక్క ముక్కాలు అయింది. రెండు రెక్కలూ గోడవారన పాత దుప్పట్లు కప్పుకుని నిలబడి ఉన్నాయి. ఒళ్ళు, అంటే మనుషులు కూర్చునే భాగం, ఇంకా పెట్టెల్లోనే ఉంది. గోడకి మేకు కొట్టి, దానికి ఒక పుస్తకం వేలాడదీశారు.

ఆ పుస్తకమే నన్ను పట్టుకుంది. రోజూ ఏం చేశాడో రాసుకున్నాడు. ఎన్ని గంటలు, ఏ భాగం, ఏ డ్రాయింగు. మధ్యమధ్య ఇలాంటివి: ఈ రోజు మూడు రివెట్లు పాడుచేశాను, రెండు తీసి మళ్ళీ కొట్టాను, మూడోది రేపు. ఇంకో చోట: డ్రాయింగు తిరగేసి చదివాను, భాగం మొత్తం చెత్తబుట్టలోకి. పదకొండేళ్ళ పుస్తకం. చివరి పేజీలో ఒక తేదీ, దాని కింద "ఓపిక లేదు, కాసేపు ఊడ్చాను" అని ఒక ముక్క, ఆ తర్వాత తెల్లకాగితాలు. నేను ముప్పై ఏళ్ళుగా రిపోర్టులు రాస్తున్నాను. ఒక్క రిపోర్టులోనూ "పాడుచేశాను" అనే మాట రాసినట్టు గుర్తు లేదు. మా భాషలో దాన్ని "డీవియేషన్" అంటాం.

ఆ పుస్తకంతో సహా కొన్నాను. మా ఆవిడకి ఇంటికొచ్చాక చెప్పాను. ముందే చెప్పి ఉండాల్సింది, ఆ విషయం పన్నెండేళ్ళుగా వింటూనే ఉన్నాను.

ఇక్కడ నేను మన క్రాఫ్టు మాస్టారి గురించి చెప్పాలి. మా బ్యాచ్ వాళ్ళకి గుర్తుంటారు. పడమటి వరండా చివర గది. లోపల చిత్రిక పట్టిన చెక్కపొట్టు వాసన. వారానికి రెండు పీరియడ్లు క్రాఫ్టు అని టైంటేబుల్లో ఉండేది కానీ తొమ్మిదో తరగతికి వచ్చేసరికి అవి లెక్కలకి వెళ్ళిపోయాయి. లెక్కల మాస్టారు వచ్చి గుమ్మంలో నిలబడేవారు, క్రాఫ్టు మాస్టారు మాట్లాడకుండా రంపాలు లెక్కపెట్టుకుని బీరువాలో పెట్టేసేవారు. మాకు సంతోషం. క్రాఫ్టుకి మార్కులు లేవు కదా. "చదువు రాకపోతే చెక్కపని చేసుకుంటావా?" అని ఇంట్లో తిట్టే రోజులవి. అలా తిట్టించుకున్న వాళ్ళం ఈ హాల్లో సగం మందైనా ఉంటాం.

ఎనిమిదిలో ఉన్నప్పుడు నేనొక పీట చేశాను. పైన బ్రహ్మాండంగా చిత్రిక పట్టి, గుడ్డతో నూనె కూడా రాశాను. ఆయన పైభాగం చూడనే లేదు. తీసుకోవడంతోనే బోర్లించారు. కాలు దగ్గర మేకు మొన ఇంత బయటికి వచ్చి ఉంది. వేలితో దాన్ని తడిమి, "దీని మీద కూర్చునేది ఎవర్రా?" అన్నారు.

"మా అమ్మండీ."

"అయితే ఊడదీసి మళ్ళీ కొట్టు."

నేను ఊడదియ్యలేదు. సుత్తితో మొనని పక్కకి వంచి ఇంటికి పట్టుకుపోయాను. మా అమ్మ దాని మీద కూర్చుని పదేళ్ళ పైన కూరలు తరిగింది. ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడం వల్లనే అది నాకు పాఠం కాలేదు.

గ్యారేజీకి వస్తాను. మొదటి ఏడాదంతా కట్టిందేమీ లేదు, ఆయన కట్టింది పరీక్షించడమే సరిపోయింది. ఈ విమానపు రేకు 2024 అనే మిశ్రమలోహం. అల్యూమినియంలో నూటికి నాలుగు పాళ్ళు పైన రాగి ఉంటుంది. రాగి వల్ల బలం వస్తుంది, తుప్పు గుణం కూడా వస్తుంది. అందుకని పైన పల్చగా శుద్ధమైన అల్యూమినియం పొర వేస్తారు. గీతలు పడకుండా ఫ్యాక్టరీలో దానిపై నీలం ప్లాస్టిక్ కాగితం అంటిస్తారు. ఆయన ఆ కాగితాన్ని కొన్నిచోట్ల ఏళ్ళ తరబడి తియ్యకుండా ఉంచేశాడు, పాపం మెరుపు పోకూడదని. అది తీస్తే కింద చెమ్మ పట్టి, చీమ తల అంత గుంటలు. కుడి రెక్క మీది రెండు రేకులు తీసి కొత్తవి వేశాను. తోక మటుకు చూడముచ్చటగా ఉంది, దాన్ని ముట్టుకోలేదు.

రివెట్టు సంగతి మీకు కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఈ విమానంలో వెల్డింగు తక్కువ, అంతా రివెట్లే, పదివేల పైన ఉంటాయి. రెండు రేకులకి బెజ్జం వేసి, ముందు క్లీకోలని స్ప్రింగు పిన్నులు పెడతారు. దర్జీ కుట్టే ముందు టాకాలు వేసినట్టన్న మాట. తర్వాత ఒక్కొక్కటి తీసి రివెట్టు దూర్చి, ఇవతల నుంచి గాలి సుత్తితో కొడతారు. అవతల ఒకళ్ళు ఉక్కు దిమ్మె ఆనించి పట్టుకోవాలి. రివెట్టు తోక ఆ దిమ్మె మీద నలిగి పుట్టగొడుగులా అవుతుంది. అది రివెట్టు లావుకి ఒకటిన్నర రెట్లు వెడల్పు, సగం ఎత్తు ఉండాలి. ఎక్కువ నలిగినా తప్పే, తక్కువ నలిగినా తప్పే. వాలితే ఇంకా తప్పు.

దిమ్మె పట్టుకున్నది మా ఆవిడ. ఆవిడ చెయ్యి సన్నం, రెక్క లోపలికి మోచెయ్యి దాకా పోతుంది. నాది పోదు. రేకుకి ఇటు నేను, అటు ఆవిడ. ఒకరి మొహం ఒకరికి కనపడదు. చెవులకి అడ్డాలు. మొదట్లో నేను "రెడీయా?" అనడం, ఆవిడ "ఉండండి" అనడం, నాకు "ఊఁ" అని వినపడడం, కొట్టెయ్యడం. ఒకసారి వేలు నలిగింది. ఆ తర్వాత ఆవిడే పద్ధతి పెట్టింది: రేకు మీద ఒకసారి తడితే కొట్టు, రెండుసార్లు తడితే ఆపు, మూడుసార్లు తడితే పాడుచేశారు. పెళ్ళయిన పాతికేళ్ళకి మా మధ్య ఇంత స్పష్టమైన సంభాషణ అదే మొదటిసారి. మూడు తట్లు చాలా విన్నాను. రాత్రి తొమ్మిది దాటాక గాలి సుత్తి ముట్టుకోకూడదని ఎదురింటి వాళ్ళతో ఒప్పందం.

పెట్రోలు ట్యాంకులు రెక్కల ముందు భాగంలోనే ఉంటాయి, రెండూ కలిపి 38 గాలన్లు. కీళ్ళలో పూసే నల్లటి జిగురు ఒకటి ఉంది. దాని వాసన గురించి భోజనాల ముందు మాట్లాడకూడదు. చేతికంటితే వారం. కారుతోందో లేదో చూడడానికి ట్యాంకులోకి కాస్త గాలి ఊది, గొట్టానికి పుట్టినరోజు బెలూను కట్టి, అతుకుల మీద సబ్బునీళ్ళు పూస్తాం. మర్నాటికి బెలూను వాడిపోతే ఎక్కడో కారుతున్నట్టు. మొదటి బెలూను తెల్లారేసరికి వడిలిపోయింది. రెండు రోజులు వెతికితే, కారుతున్నది ట్యాంకు కాదు, బెలూను కట్టిన దారం వదులైంది.

ఇలా ఏళ్ళు గడిచాయి. మధ్యలో ఇద్దరు పిల్లలూ కాలేజీలకి వెళ్ళారు. మా నాన్న పోయారు, ఆ ఏడాది గ్యారేజీ తలుపు తియ్యలేదు. రాత్రిళ్ళు విమానం నడపడం నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్నాను. ఒళ్ళు కట్టాం, చక్రాల మీద నిలబెట్టాం. 2018 అక్టోబరుకి రెక్కలు ఒంటికి బిగించి చూసే రోజు వచ్చింది.

ఇక్కడ నెమ్మదిగా చెప్తాను.

రెక్కకి రెండు దూలాలు. ముందుది పెద్దది, బరువంతా దాదాపు అదే మోస్తుంది. వెనకది చిన్నది, దాన్ని ఒంటికి పట్టి ఉంచేది ఒకే ఒక్క బోల్టు. ఆ బోల్టు బెజ్జం ఫ్యాక్టరీ వెయ్యదు, మనమే వెయ్యాలి, ఎందుకంటే రెక్క ఎంత ఏటవాలుగా కూర్చోవాలన్నది ఆ బెజ్జంతోనే స్థిరపడిపోతుంది. తాపీ మేస్త్రీలు వాడే తూకం గుండ్లు రెక్క అంచు నుంచి నాలుగు వేలాడదీశాం. రసమట్టం పెట్టాం. రెక్క కొస నుంచి తోకకి టేపు పట్టి రెండు పక్కలా కొలిచాం. చాప్టరు మిత్రులు ముగ్గురు వచ్చారు. ఎడమ పక్క బెజ్జం సాయంత్రానికి అయిపోయింది. చక్కగా వచ్చింది. భోజనాలు చేసి వాళ్ళు వెళ్ళిపోయారు. కుడి పక్కది మర్నాడు వెయ్యాల్సింది. నాకు ఆగలేదు. రాత్రి పదకొండింటికి మా ఆవిడ టార్చిలైటు పట్టుకుంది, నేను వేశాను.

బోల్టు లావు 5/16 అంగుళం. బెజ్జం మధ్య నుంచి పలక అంచుకి కనీసం దానికి రెండింతలు, అంటే 5/8 అంగుళం ఉండాలి. ఎందుకంటారా? తలుపు గొళ్ళేనికి మేకు చెక్క అంచున కొడితే ఏమవుతుంది? గాలి కొట్టిన రోజున మేకు విరగదు, చెక్క అంచు చీలుతుంది. హవాయి చెప్పు స్టాపు బెజ్జం అంచుకి దగ్గరైతే తెగేది స్టాపు కాదు. అంతే.

ముందు నుంచి చూస్తే బెజ్జం బ్రహ్మాండంగా ఉంది. గీత మీద గీత. కానీ అక్కడ పలకల మీద పలకలు, దళసరిగా ఉంటుంది. డ్రిల్లు నిటారుగా పోవడానికి ఒక ఆధారపు దిమ్మె వాడాలి. ఎడమ పక్కకి వాడాను. కుడి పక్కకి దాన్ని వెతకడానికి ఓపిక లేక చేతి అంచనాతో వేశాను. డ్రిల్లు వాలింది. వెనక నుంచి అద్దం పెట్టి చూస్తే బెజ్జం అంచు వైపు జరిగి వచ్చింది. కొలిస్తే 1/2 అంగుళం. ఉండాల్సినదానికి 1/8 తక్కువ. మన వేలిగోరు వెడల్పులో మూడో వంతు ఉండదు.

"అయిందా?" అంది మా ఆవిడ. "అయింది" అన్నాను. అబద్ధం కూడా కాదు.

బోల్టు వేసి వాషరు పెడితే అది కనపడదు. ఇన్‌స్పెక్టరు అంత లోపలికి అద్దం పెట్టి చూడకపోవచ్చు. మర్నాడు ఆఫీసుకి వెళ్ళి, సాయంత్రం అందరూ వెళ్ళాక, కూర్చుని లెక్క వేశాను. నాకు తెలిసిన విద్య అది. అంత వేగంలో, అంత బరువుతో, ఆ బోల్టు మీద ఎంత లాగుడు పడుతుంది, ఆ 1/2 అంగుళం లోహం ఎంతకి తెగుతుంది. మొదటిసారి లెక్క నిలవలేదు. రెండు ఊహలు కొంచెం సడలించాను. నిలిచింది. నాలుగు పేజీల లెక్క, పైన శీర్షిక, కింద సంతకం. మా ఆఫీసులో ఎవరు చూసినా పాస్ చేసేవాళ్ళు. నేనే అలాంటివి వందల కొద్దీ పాస్ చేశాను. అవన్నీ తప్పులని కాదు. కానీ ఫలితం ముందు అనుకుని లెక్క తర్వాత వేస్తే ఎంత అందంగా కుదురుతుందో ఆ రోజు దగ్గర నుంచి చూశాను. ఎదురుగా మా లెక్కల మాస్టారు కూర్చున్నారు, ఆయన తప్పేమీ లేదు, ఆయన నేర్పింది అది కాదు.

ఆ తర్వాత పది రోజులు గ్యారేజీలోకి వెళ్ళలేదు. పనిభారం అన్నాను. అసలు కారణం ఆ పుస్తకం. పెద్దాయన పుస్తకంలోనే, ఆయన ఆపిన తెల్లకాగితం నుంచే, నేను రాసుకుంటూ వస్తున్నాను. ఆ రాత్రి తేదీ వేశాను, "ఎడమ వెనక బెజ్జం, సరి" అని రాశాను. కింద కుడి దగ్గర కలం ఆగిపోయింది. "సరి" అని రాయడానికి చెయ్యి రాలేదు. ఇంకోటి రాయడానికీ రాలేదు.

పదకొండో రోజు మా ఆవిడ అడిగింది. "ఆ టార్చిలైటు పట్టుకున్న రోజు ఏమయింది? అప్పట్నుంచీ మీరు గ్యారేజీ మొహం చూడలేదు." చెప్పాను. లెక్క కూడా చూపించాను, నాలుగు పేజీలూ. ఆవిడ బాంకులో పనిచేస్తుంది, అంకెలంటే భయం లేదు. పేజీలు తిప్పి పక్కన పెట్టి, "పైలట్ ఏ పక్క కూర్చుంటాడు?" అంది.

"ఎడమ పక్క."

"అయితే ఇది నా రెక్కా?"

నేను గ్యారేజీలోకి వెళ్ళి పుస్తకంలో రాశాను: కుడి వెనక బెజ్జం పాడుచేశాను, వెనక వైపు అంచు దూరం 1/2. రాశాక ఇంక చేసేదేముంది, ఊడదియ్యడమే. కంపెనీ నుంచి కొత్త పలకలు తెప్పించాం. రెక్క మళ్ళీ విప్పి, మొదట్లో రేకు ఒలిచి, వందల రివెట్ల తలలు ఒక్కొక్కటే డ్రిల్లుతో తొలిచి, తోకలు పొడిచి తీశాం. కొట్టడానికి నిమిషం పట్టే రివెట్టు, పక్క బెజ్జం చెడకుండా తియ్యడానికి పది నిమిషాలు. ఆ ఏడు చలికాలం అంతా పోయింది. మంచు రోజుల్లో గ్యారేజీలో హీటరు పెట్టుకుని, ఆవిడ దిమ్మె, నేను సుత్తి. మార్చిలో మళ్ళీ తూకం గుండ్లు వేలాడదీసి, పగటిపూట, దిమ్మె పెట్టి, బెజ్జం వేశాను. ముందు వెనక వైపు చూశాను.

మీ చేతుల్లో తిరుగుతున్న పలక ఆ పాత పలక. ఇప్పటిదాకా చూసినవాళ్ళు చాలామంది ముందు వైపే చూసి ఉంటారు. తిప్పి చూడండి.

మిగతాది త్వరగా చెప్పేస్తాను, భోజనాల వేళయింది. ఇంజిను వాడినది కొని, పూర్తిగా విప్పించి బాగుచేయించాను. 2022 వసంతంలో ఇన్‌స్పెక్టరు వచ్చి ఒక పూటంతా చూశాడు. కుడి రెక్క దగ్గర పుస్తకం తెరిచి ఆ పేజీ చదివాడు. ఏమీ అనలేదు, అద్దం తీసి కొత్త బెజ్జం వెనక వైపు మటుకు చూశాడు. చట్టప్రకారం విమానంలో "ఎక్స్‌పెరిమెంటల్" అని పెద్ద అక్షరాలతో రాయాలి. ఇది అమెచ్యూరు కట్టింది, మామూలు విమానాలకి ఉండే భద్రతా నిబంధనలకి ఇది లోబడదు అని ఎక్కేవాళ్ళకి కనపడేట్టు ఒక హెచ్చరిక కూడా అంటించాలి. అప్పుడు మా దగ్గర ఉన్న మా అమ్మకి మా అమ్మాయి దాన్ని తెలుగులో చదివి వినిపించింది. మా అమ్మ చక్రాల కింద నిమ్మకాయలు పెడుతూ, "ఇంత రాసి పెట్టుకుని ఎవర్ని ఎక్కమంటావురా?" అంది.

మొదటిసారి ఎగిరించింది నేను కాదు. ఇది చెప్తే కొందరు నిరాశపడతారు. కట్టినవాడికి ఆ రోజు ఆనందం ఎక్కువ, బుద్ధి తక్కువ. ఇంజిను ఏ మాత్రం దగ్గినా తిరిగి వస్తాననే ధైర్యం అలవాటు వల్ల రావాలి. నాకు ఆ రకం విమానంలో గంటలు చాలవు. చాప్టరులో ఆర్‌విలు ఏళ్ళ తరబడి నడిపిన ఒక పెద్దాయన నడిపాడు. నేను గడ్డిలో నిలబడ్డాను. పెద్దాయన భార్యని పిలిచాం, మడత కుర్చీ తెచ్చుకుని వచ్చింది. ఆయన చేసినవి ఏవి అని అడిగింది. తోక, ఎడమ రెక్క అని చూపించాను. తోక మీద చెయ్యి పెట్టి, "ఈ చప్పుడు పదకొండేళ్ళు విన్నాను, పోయాక నిద్ర పట్టేది కాదు" అంది. 28 నిమిషాలు తిరిగి దిగింది. ఎడమ రెక్క పిసరు బరువుగా ఉంది, మిగతా అంతా బాగుందన్నాడాయన. ఎయిలరాన్ అంచు కాస్త నొక్కి దాన్ని సరిచేశాం.

ఆ తర్వాత నిర్ణీత గంటలు, నిర్ణీత ప్రాంతంలో, ఒంటరిగా పరీక్షించాలి, వేరే మనిషిని ఎక్కించకూడదు. అవి నేను చేశాను. అవి పూర్తయ్యాక ఒక ఆదివారం పొద్దున్న మా ఆవిడ కుడి సీట్లో కూర్చుంది. ఎక్కే ముందు రెక్క మొదట్లో రేకు మీద ఒకసారి తట్టింది. ఒక తట్టు అంటే తెలుసు కదా.

ఇక్కడ అలా కుదరదా అని రాత్రి మా బ్యాచ్ వాళ్ళు అడిగారు. కష్టం, కానీ అసాధ్యం కాదు. ముంబయిలో కెప్టెన్ అమోల్ యాదవ్ అనే పైలట్ తన ఇంటి మేడ మీద ఆరుగురు కూర్చునే విమానం కట్టారు. 2016లో అక్కడి మేక్ ఇన్ ఇండియా ప్రదర్శనలో పెట్టారు. దానికి అనుమతుల కోసం ఏళ్ళు తిరిగారు. అంత దాకా అక్కర్లేదు. రేకులు, రివెట్లు, చెక్క, బరమా చాలు.

నిన్న సాయంత్రం పడమటి వరండా చివరికి వెళ్ళాను. క్రాఫ్టు గదికి తాళం ఉంది, కిటికీలోంచి చూస్తే పాత బెంచీలు, కంప్యూటర్ల అట్టపెట్టెలు. మాస్టారు పోయి చాలా ఏళ్ళయిందని తెలిసింది. హెడ్మాస్టరు గారితో మాట్లాడాను. 1984 బ్యాచ్ తరఫున ఆ గది ఖాళీ చేయించి, బల్లలు, రంపాలు, ఉలులు, రెండు డ్రిల్లులు పెట్టిస్తాం. వారానికి రెండు పీరియడ్లు కావాలన్నాను. ఆయన ఒకటి అన్నారు. లెక్కల మాస్టారు ఇక్కడే ఉన్నారు, రెండోది ఆయన దగ్గర్నుంచి వెనక్కి ఇప్పించమని అడుగుతున్నాను.

ఆ పలక ఎవరి దగ్గర ఉందో నాకు తిరిగి ఇవ్వక్కర్లేదు. ఆ గది బీరువాలో ఉంచండి. దాని మీద నల్లసిరాతో 1/2 అని రాసి ఉంది, అది తుడిచెయ్యకండి.